ఉత్ప్రేరకాల తయారీ, పనితీరు

ఘన ఉత్ప్రేరకం ఎలా పనిచేస్తుందన్నది అందులో ఏ మూలకాలు ఏ పాళ్లలో ఉన్నాయన్న దానిమీద ఎంత ఆధారపడుతుందో, దాన్ని ఎలా తయారుచేశారన్న దానిమీదా అంతే ఆధారపడుతుంది. చాలాసార్లు రెండోదే ఎక్కువ. రసాయన విశ్లేషణలో ఏ తేడా కనిపించని రెండు పొడులు ఒకే రియాక్టరులో, ఒకే ఉష్ణోగ్రత దగ్గర, ఒకే వాయువుల మీద పూర్తిగా వేరువేరుగా నడవవచ్చు. ఒకటి నెలల తరబడి నిలకడగా పనిచేస్తే, రెండోది నాలుగు రోజులకే చచ్చుబడిపోతుంది. తేడా ఎక్కడ పుట్టిందని వెతికితే ద్రావణం ఆమ్లత్వం దగ్గరో, ఆరబెట్టిన వేగం దగ్గరో, కాల్చిన ఉష్ణోగ్రత దగ్గరో దొరుకుతుంది. ఒక్కోసారి కొలిమిలో పొడిని ఎంత మందాన పరిచారన్నదే కారణమని తేలుతుంది. రసాయన ఇంజనీరింగులో ఈ తయారీని చాలాకాలం శాస్త్రంగా కాక చేతిపనితనంగా చూశారు. ఆ మాటలో కొంత నిజం ఇప్పటికీ ఉంది.

తయారీలో తేలే విషయాలు

ఉత్ప్రేరక చర్య ఉపరితలం మీదే జరుగుతుంది. లోహపు రేణువు లోపల ఇరుక్కున్న పరమాణువు ఎంత ఖరీదైనదైనా పనికి రాదు. 10 నానోమీటర్ల ప్లాటినం రేణువులో దాదాపు పదో వంతు పరమాణువులే పైన ఉంటాయి. రేణువును 2 నానోమీటర్లకు తగ్గిస్తే సుమారు సగం పైకి వస్తాయి. అందుకే ప్లాటినం, పల్లాడియం వంటి లోహాలను అల్యూమినా, సిలికా, టైటానియా, కార్బన్ లాంటి రంధ్రాలున్న ఆధారాల మీద అతిచిన్న రేణువులుగా పరుస్తారు. గామా అల్యూమినా ఒక గ్రాములో 150 నుంచి 300 చదరపు మీటర్ల ఉపరితలం దొరుకుతుంది. ఆ పదార్థాన్నే 1100 డిగ్రీల సెల్సియస్ దాటించి కాలిస్తే ఆల్ఫా రూపంలోకి మారి ఆ విస్తీర్ణంలో చాలామటుకు పోగొట్టుకుంటుంది. ఫార్ములా మాత్రం అదే.

అలాగని రేణువు చిన్నదయ్యేకొద్దీ మంచిదేననుకోవడానికి వీల్లేదు. కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజన్‌ల నుంచి ద్రవ ఇంధనాలు చేసే ఫిషర్–ట్రాప్ష్ ప్రక్రియలో కోబాల్ట్ రేణువులు దాదాపు 6 నానోమీటర్ల కన్నా చిన్నవైతే ఒక్కో ఉపరితల పరమాణువు చేసే పని పడిపోతుందని నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్ పరిశోధకులు 2006లో చూపారు. స్ఫటికం ఏ ముఖం బయటికి తిరిగి ఉందన్నదీ ముఖ్యమే. అమ్మోనియా సంశ్లేషణలో ఇనుము స్ఫటికపు మూడు ముఖాలను గేబర్ సొమొర్జాయ్ బృందం అమెరికాలో పోల్చి చూస్తే వాటి చురుకుదనం 418 : 25 : 1 నిష్పత్తిలో వచ్చింది. ఇనుము ఒక్కటే అయినా ముఖాల మధ్య తేడా నాలుగు వందల రెట్లు. రేణువు పరిమాణమూ, దాని ముఖాలూ, రంధ్రాల వెడల్పూ అన్నీ తయారీ గదిలోనే ఖాయమవుతాయి.

కరిగించిన ఇనుము

తయారీ విలువను పరిశ్రమకు మొదట నేర్పింది అమ్మోనియా. ఫ్రిట్జ్ హేబర్ 1909లో చేసి చూపిన సంశ్లేషణకు ఆస్మియం, యురేనియం పనికొచ్చాయి. ఒకటి అరుదైనది, రెండోది గాలి, తేమ తగిలితే చెడిపోయేది. చౌక ప్రత్యామ్నాయం వెతికే పని జర్మన్ కంపెనీ బీఏఎస్ఎఫ్‌లో ఆల్విన్ మిట్టాష్ మీద పడింది. ఆయన బృందం వేల పరీక్షలు చేసింది. శుద్ధమైన ఇనుము నిరాశపరిచింది. ఉత్తర స్వీడన్ గనుల నుంచి వచ్చిన మాగ్నెటైట్ ఖనిజం నమూనా మాత్రం అనుకోనంత బాగా పనిచేసింది. ఆ రాయిలోని మలినాలే దానికి కారణమని మిట్టాష్ పసిగట్టాడు. అల్యూమినా, పొటాషియం, కాల్షియంలను కొద్ది శాతంలో కావాలని కలిపిన ఇనుముతో 1913లో ఓపావ్ కర్మాగారం మొదలైంది.

ఇక్కడ అందరూ గుర్తుపెట్టుకునేది ఆ మలినాల కథే. తయారీ పద్ధతి గురించి చెప్పేవాళ్లు తక్కువ. మాగ్నెటైట్‌ను ప్రవర్ధకాలనే ఆ చేర్పులతో కలిపి 1600 డిగ్రీల పరిసరాల్లో కరిగిస్తారు, పోతపోసి చల్లార్చి, మిల్లీమీటర్ల పరిమాణపు ముక్కలుగా పగలగొడతారు. ఈ దశలో దానికి రంధ్రాలంటూ దాదాపు ఉండవు. రియాక్టరులో నింపి హైడ్రోజన్, నైట్రోజన్ల మిశ్రమం పంపితే ఆక్సైడులోని ఆక్సిజన్ నీటి ఆవిరిగా బయటికి పోతుంది. ముక్క బయటి కొలత పెద్దగా మారదు. ఆక్సిజన్ ఖాళీ చేసిన చోటు రంధ్రమవుతుంది. కరిగినప్పుడు ఆక్సైడులో కలిసిపోయిన అల్యూమినా ఇప్పుడు ఇనుప స్ఫటికాల మధ్య అడ్డుగా నిలిచి, అవి ఒకదానిలో ఒకటి కలిసి పెద్దవి కాకుండా కాపాడుతుంది. చివరికి గ్రాముకు 10 నుంచి 20 చదరపు మీటర్ల ఉపరితలం మిగులుతుంది. అల్యూమినాను ఇనుముతో ఊరికే కలిపి నూరితే ఈ అల్లిక రాదు.

ఇలా ఆక్సిజన్‌ను తీసేసే క్షయకరణాన్ని తొందరపెడితే మొత్తం దెబ్బతింటుంది. పై పొరల్లో పుట్టిన నీటి ఆవిరి కింద అప్పటికే లోహంగా మారిన ఇనుము మీదుగా పోతూ దాన్ని మళ్లీ ఆక్సీకరిస్తుంది, స్ఫటికాలను లావెక్కిస్తుంది. అందుకే వాయు ప్రవాహాన్ని పెంచి, ఉష్ణోగ్రతను కొద్దికొద్దిగా ఎక్కిస్తూ, బయటికొచ్చే నీటిని కొలుస్తూ ఈ పనిని రోజుల తరబడి చేస్తారు. ముందుగానే క్షయకరించి, పైన పలచటి ఆక్సైడు పొరతో గాలిలో మండకుండా చేసిన రకం కూడా బజారులో దొరుకుతుంది. ధర ఎక్కువైనా ప్లాంటు త్వరగా ఉత్పత్తిలోకి వస్తుంది. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం ఎరువుల కర్మాగారానికి రోజుకు 2200 టన్నుల అమ్మోనియా సామర్థ్యం ఉంది. ఆ స్థాయిలో ఒక్క రోజు ఆలస్యమంటే ఎంతో లెక్క వేసుకోవచ్చు.

మిథనాల్: అవక్షేపం ముదరడం

కార్బన్ మోనాక్సైడు, డయాక్సైడు, హైడ్రోజన్ల నుంచి మిథనాల్ చేయడం 1923లో బీఏఎస్ఎఫ్ మొదలుపెట్టింది. జింకు, క్రోమియం ఆక్సైడుల ఉత్ప్రేరకం, 250 నుంచి 350 బార్ పీడనం. రాగి ఇంతకన్నా చురుకైనదని అప్పటికే తెలుసు. కానీ గంధకం సోకితే విషపడుతుంది, వేడి పెరిగితే రేణువులు ముద్దకట్టుకుపోతాయి. ఇంగ్లండులో ఐసీఐ 1966లో రాగి, జింక్ ఆక్సైడు, అల్యూమినా ఉత్ప్రేరకంతో 50 నుంచి 100 బార్లకే ఆ పని చేయగలిగింది. శుభ్రమైన వాయువు అందుబాటులోకి రావడం ఒక కారణం. సహ అవక్షేపణను, అంటే లోహాలన్నింటినీ ద్రావణం నుంచి ఒకేసారి ఘనంగా దించడాన్ని, అదుపులోకి తెచ్చుకోవడం ఇంకో కారణం.

మూడు లోహాల నైట్రేట్ ద్రావణాన్నీ, సోడియం కార్బొనేట్ ద్రావణాన్నీ ఒకేసారి ఒక పాత్రలోకి వదులుతారు. ఉష్ణోగ్రత 60–70 డిగ్రీలు, పీహెచ్ 6.5–7 దగ్గర ఉండాలి. మొదట రూపంలేని నీలిరంగు ముద్ద వస్తుంది. అప్పుడే వడకట్టేస్తే మామూలుగా మంచి ఉత్ప్రేరకం రాదు. ముద్దను ఆ ద్రావణంలోనే కలుపుతూ ఉంచితే కొంతసేపటికి పీహెచ్ ఒక్కసారి కదులుతుంది, రంగు ఆకుపచ్చకు తిరుగుతుంది, రేణువులు సన్నటి సూదుల్లా స్ఫటికీకరిస్తాయి. ఆ స్ఫటికం జింకు చొరబడిన మాలకైట్ అనే రాగి కార్బొనేటు. రాగి ఉండాల్సిన స్థానాల్లో కొన్నింటిని జింకు ఆక్రమించడమే ఇక్కడ జరిగిన అసలు పని. బెల్లం, నీళ్లు మారకపోయినా లేతపాకానికీ ముదురుపాకానికీ ఎంత తేడా ఉంటుందో, ముదరని అవక్షేపానికీ ముదిరినదానికీ అంత తేడా. దింపే క్షణాన్ని పట్టుకోవడంలోనే నేర్పు ఉంది.

తర్వాతి మెట్లు పైకి తేలికగా కనిపిస్తాయి. సోడియం పోయేదాకా కడగాలి. మిగిలిపోయిన సోడియం కాల్చేటప్పుడు రాగి రేణువులను పెంచుతుంది. 300–350 డిగ్రీల దగ్గర కాల్చాలి, బాగా పలచబరిచిన హైడ్రోజన్‌తో నెమ్మదిగా క్షయకరించాలి. ఈ చర్యలో వేడి పుడుతుంది కాబట్టి గాఢమైన హైడ్రోజన్ పంపితే రాగి అక్కడికక్కడే ముద్దకట్టేస్తుంది. అన్నీ కుదిరితే 10 నానోమీటర్ల పరిసరాల్లోని రాగి రేణువులు, వాటి మధ్య ఇంకా చిన్న జింక్ ఆక్సైడు రేణువులు మిగులుతాయి. తొలి అవక్షేపంలో జింకు, రాగి ఎంత సన్నిహితంగా కలిశాయన్న గుర్తు ఇన్ని మెట్ల తర్వాత కూడా చెరిగిపోదు. బెర్లిన్ పరిశోధకులు దీన్ని 'రసాయనిక జ్ఞాపకం' అన్నారు. రాగి ఉపరితలంలో పరమాణువులు మెట్లలా ఏర్పడినచోట చేరిన జింకే చురుకైన స్థానాన్ని తీర్చిదిద్దుతుందని మాల్టె బేరెన్స్, సహచరులు 2012లో వాదించారు. ఆ స్థానం స్వభావంపై చర్చ ఇంకా ముగియలేదు గానీ, తయారీకీ దానికీ ఉన్న ముడిని ఎవరూ కాదనడం లేదు.

ముదరని నీలి ముద్ద పనికిరాదన్న మాటకు ఒక మినహాయింపు 2016లో వచ్చింది. సూపర్‌క్రిటికల్ కార్బన్ డయాక్సైడు వాడి అవక్షేపిస్తే, ఆ రూపంలేని పదార్థమే సోడియం లేకుండా, నిలకడగా దొరుకుతుందని, దాని నుంచి చురుకైన ఉత్ప్రేరకం వస్తుందని కార్డిఫ్‌లో గ్రాహం హచింగ్స్ బృందం చూపింది. దశాబ్దాల నాటి వంటకం కూడా ఏకైక మార్గం కాదన్నమాట.

నానబెట్టడం, ఆరబెట్టడం

ప్రయోగశాలల్లో ఎక్కువమంది వాడే పద్ధతి ఇంప్రెగ్నేషన్. ఆధారపు పొడి రంధ్రాలు ఎంత ద్రవం పీల్చగలవో కొలిచి, సరిగ్గా అంతే లోహలవణ ద్రావణం పోసి కలుపుతారు. తర్వాత ఆరబెట్టి కాలుస్తారు. ఇంతకన్నా సులువైన పని లేదు. ఇంతకన్నా నమ్మరాని ఫలితమిచ్చేవీ తక్కువే.

ద్రావణం పీహెచ్ మొదటి విషయం. ప్రతి ఆక్సైడుకూ ఉపరితల ఆవేశం సున్నా అయ్యే పీహెచ్ ఒకటుంటుంది. సిలికాకు అది 2–4 మధ్య, టైటానియాకు 6 పరిసరాల్లో, అల్యూమినాకు 8 దగ్గర. ద్రావణం అంతకన్నా ఆమ్లంగా ఉంటే ఉపరితలం ధనావేశం పొంది ఋణ అయాన్లను లాక్కుంటుంది, క్షారంగా ఉంటే ధన అయాన్లను లాక్కుంటుంది. క్లోరోప్లాటినిక్ ఆమ్లం అల్యూమినాను గట్టిగా పట్టుకునేది అందుకే. అదే ఆమ్లాన్ని సిలికా మీద పోస్తే ప్లాటినం దేన్నీ పట్టుకోక నీళ్లలోనే ఉండిపోతుంది, నీళ్లు ఎటు జరిగితే అటు జరుగుతుంది.

ఆరబెట్టడం రెండో విషయం. గుళిక లోపలి ద్రవం కేశనాళికా బలంతో బయటి వైపు కదులుతుంది, గోడలను పట్టుకోని లవణాన్ని వెంట తీసుకెళుతుంది. ఆరే వేగాన్ని బట్టి లోహం అంచున పేరుకోవచ్చు, లోపలే ఉండిపోవచ్చు, సమంగా పరుచుకోవచ్చు. ప్లాటినం గట్టిగా పట్టుకున్నప్పుడు అది గుళిక అంచునే ఆగిపోతుంది, లోపలికి వెళ్లదు. సిట్రిక్ ఆమ్లం వంటి పోటీ అయాన్‌ను కలిపితే అంచు స్థానాలను అది ఆక్రమిస్తుంది, ప్లాటినం లోపలికి చేరుతుంది. అన్నిసార్లూ సమంగా పరుచుకోవడమే లక్ష్యం కాదు. చర్య చాలా వేగంగా జరిగేచోట వాయువు గుళిక మధ్యదాకా చేరనే చేరదు. 1939లో ఎర్నెస్ట్ థీల్ లెక్కగట్టింది ఈ సంగతే. అలాంటిచోట లోపల దాచిన ప్లాటినం వృథా, అంచున ఉంటేనే లాభం. విషపదార్థాలు అంచున పేరుకునే చోటైతే లోహాన్ని కాస్త లోపల దాచడం తెలివి.

నైట్రేటు లవణాలను కాల్చడంలో ఒక చిక్కు ఉంది. నికెల్ నైట్రేటును గాలిలో కాలిస్తే ఆక్సైడు పెద్ద రేణువులుగా పోగవుతుంది. అదే పొడిని కొద్దిగా నైట్రిక్ ఆక్సైడు కలిపిన హీలియంలో కాలిస్తే కొద్ది నానోమీటర్ల రేణువులు సమంగా పరుచుకుంటాయని యూట్రెక్ట్‌లో క్రైన్ డి యోంగ్ బృందం చూపింది. కాల్చిన వాయువు ఒక్కటే మారింది.

బంగారం: పద్ధతి మారితే లోహమే మారినట్టు

బంగారం ఉత్ప్రేరకంగా పనికిరాదని 20వ శతాబ్దంలో చాలాభాగం నమ్మారు. ఆ నమ్మకానికి బంగారం కన్నా తయారీ పద్ధతే ఎక్కువ కారణం. క్లోరోఆరిక్ ఆమ్లంతో మామూలు ఇంప్రెగ్నేషన్ చేస్తే మిగిలిన క్లోరైడు వేడికి బంగారాన్ని కదిలించి ముద్దలు కట్టిస్తుంది. 10 నానోమీటర్లు దాటిన ఆ ముద్దలు దాదాపు ఏ పనీ చేయవు. జపాన్‌లో మసతాకె హరుత సహ అవక్షేపణతో కొద్ది నానోమీటర్ల బంగారు రేణువులు చేసి, అవి సున్నాకు ఎంతో దిగువన, మైనస్ 70 డిగ్రీల దగ్గర కూడా కార్బన్ మోనాక్సైడును ఆక్సీకరిస్తాయని 1987లో ప్రకటించాడు. తర్వాత ఆయన బృందమే నిక్షేప–అవక్షేపణ పద్ధతిని స్థిరపరిచింది. పీహెచ్ 7–10 మధ్య ఉంచితే బంగారం చుట్టూ ఉన్న క్లోరైడు స్థానంలో హైడ్రాక్సైడు చేరుతుంది. కడిగితే మిగతా క్లోరైడు పోతుంది. 2 నుంచి 5 నానోమీటర్ల రేణువులు టైటానియాకు అతుక్కుంటాయి. తయారీ పద్ధతి మారడం వల్ల ఒక మూలకానికున్న పేరే మారిపోయిన ఉదాహరణ ఇంతకన్నా మంచిది నాకు కనపడదు.

మందం, వేడి, మలినం

ముడిచమురు శుద్ధిలో బరువైన భాగాలను పెట్రోలుగా విడగొట్టే వై జియోలైట్ అనే రంధ్రాల స్ఫటికం కథ కొలిమి దగ్గర మలుపు తిరిగింది. అమోనియం రూపంలోని జియోలైట్‌ను పలచగా పరిచి పొడి గాలి తోలుతూ వేడిచేస్తే వచ్చే పదార్థం నీటికీ వేడికీ నిలవదు. దాన్నే మందంగా పోసి వేడిచేస్తే అందులోంచి పుట్టిన ఆవిరి పొడిలోనే చిక్కుకుని, స్ఫటిక చట్రం నుంచి కొంత అల్యూమినియాన్ని బయటికి తీసి, ఖాళీలను సిలికాతో పూడుస్తుంది. అప్పుడు వచ్చేది అతి స్థిరమైన వై రకం. 1960ల చివర మోబిల్ కంపెనీలో జార్జ్ కెర్ ఈ తేడాను విడమరిచి చూపాడు. పొడి, కొలిమి, ఉష్ణోగ్రత ఒక్కటే. మారింది పరిచిన మందం. ఎక్కువ పరిశోధన పత్రాలు రాయకుండా వదిలేసే వివరం సరిగ్గా అదే.

క్షయకరణ ఉష్ణోగ్రత కూడా ఇలాగే దెబ్బతీస్తుంది. టైటానియా మీది ప్లాటినం వర్గపు లోహాలను 500 డిగ్రీల దగ్గర హైడ్రోజన్‌లో ఉంచితే అవి హైడ్రోజన్, కార్బన్ మోనాక్సైడులను పట్టుకునే శక్తి కోల్పోతాయని ఎక్సాన్‌లో శామ్యూల్ టాస్టర్, సహచరులు 1978లో చెప్పారు. రేణువులు పెరగలేదు. పాక్షికంగా క్షయకరణ చెందిన టైటానియా పలచటి పొరగా లోహం మీదికి పాకింది. 200 డిగ్రీల దగ్గర క్షయకరించినదాన్నీ 500 దగ్గర క్షయకరించినదాన్నీ ఒకే పేరుతో పిలవడం ఆ తర్వాత కష్టమైంది.

మలినం చేసే చేటుకు టైటానియం సిలికలైట్ మంచి సాక్ష్యం. ఇటలీలో ఎనీ సంస్థ 1983లో పేటెంటు తీసుకున్న ఈ జియోలైట్, హైడ్రోజన్ పెరాక్సైడుతో శుభ్రమైన ఆక్సీకరణలు చేస్తుంది. చాలా ప్రయోగశాలలు దాన్ని మళ్లీ చేయబోయి విఫలమయ్యాయి. ఆ తయారీకి వాళ్లు కొన్న సేంద్రియ క్షారంలోని సోడియం, పొటాషియం జాడలు టైటానియంను స్ఫటిక చట్రంలోకి వెళ్లనివ్వలేదు. బయట మిగిలిన టైటానియం ఆక్సైడు పెరాక్సైడును ఊరికే విడగొట్టేసింది. సిలికాన్, టైటానియం సమ్మేళనాలు నీటితో చర్య జరిపే వేగాలు కుదరకపోయినా ఇదే గతి.

వనస్పతి తయారీ వంటి హైడ్రోజనీకరణలకు పనికొచ్చే రానీ నికెల్ దగ్గరైతే తయారీ విధానమే సరుకు పేరుగా మారింది. ముర్రే రానీ 1920ల్లో పేటెంటు తీసుకున్న పద్ధతిలో నికెల్, అల్యూమినియం మిశ్రలోహం నుంచి కాస్టిక్ సోడాతో అల్యూమినియాన్ని తోడేస్తారు. మిగిలేది గాలి తగిలితే అంటుకునే స్పాంజి నికెల్. తోడిన ఉష్ణోగ్రత, కడిగిన తీరు మారుస్తూ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డబ్ల్యూ–1 నుంచి వరుసగా రకాలు చేశారు. మిశ్రలోహం మారలేదు, వాటి చురుకుదనం మాత్రం బాగా మారింది. డబ్ల్యూ–6 చాలా చురుకైనది, నిల్వలో త్వరగా నీరసిస్తుంది.

గ్రాము నుంచి టన్నుకు

బీకరులో చేసిన అవక్షేపాన్ని పెద్ద ట్యాంకులో చేయబోతే కలిపే వేగం, పీహెచ్ సర్దుకునే సమయం, వడపోత అన్నీ మారతాయి. దానికితోడు పొడిని అలాగే కర్మాగారంలో వాడలేరు. గుళికలుగా నొక్కాలి, లేదా ముద్దగా చేసి సన్నటి రంధ్రాల్లోంచి తోయాలి, లేదా తుంపరగా చల్లి ఆరబెట్టాలి. ఎక్కువ నొక్కితే రంధ్రాలు మూసుకుంటాయి, తక్కువ నొక్కితే రియాక్టరులో నలిగి పిండవుతుంది, పీడన నష్టం పెరుగుతుంది. పత్రికల్లో మెరిసిన ఉత్ప్రేరకాల్లో చాలావాటికి గండం ఇక్కడే.

ఫలితాలు ఒకచోట వచ్చినట్టు ఇంకోచోట రాకపోవడం ఈ రంగానికి పాత జబ్బు. కొలతలను సరిపోల్చుకోవడానికి యూరప్ ప్రయోగశాలలు యూరోపీటీ–1 అనే 6.3 శాతం ప్లాటినం–సిలికా ప్రమాణ నమూనాను పంచుకున్నాయి. కొలిచే పరికరాల తేడాలను అది పట్టిచ్చింది, తయారీ తేడాలను మాత్రం ఏ ప్రమాణ నమూనా తీర్చదు. ఇప్పుడు పాత పత్రాల సమాచారంతో కంప్యూటర్లకు కొత్త ఉత్ప్రేరకాలను ఊహించడం నేర్పుతున్నారు. ఆ పత్రాల్లో మూలకాల పాళ్లు దశాంశాలతో ఉంటాయి. కడిగిన నీళ్లెన్నో, ఉష్ణోగ్రతను నిమిషానికి ఎన్ని డిగ్రీల చొప్పున పెంచారో, కుదరక పారబోసిన నమూనాలెన్నో తరచుగా ఉండవు.

హైదరాబాద్ తార్నాకలో 1944లో పుట్టిన పరిశోధనశాల ఇప్పటి భారత రసాయన సాంకేతిక సంస్థ. అక్కడా, తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లోనూ ఈ రంగంలోకి ఏటా కొత్త విద్యార్థులు వస్తున్నారు. వాళ్లు తమ సిద్ధాంత గ్రంథాల్లో తయారీ గురించి రాసే పేరాను రెండు పేజీలకు పెంచాలి. లవణం ఏ కంపెనీదో, అందులో సోడియం ఎంతో, పొడిని ఎంత మందాన పరిచారో, ఏ వాయువులో ఎంతసేపు కాల్చారో, ఎన్నిసార్లు చేస్తే ఎన్నిసార్లు వచ్చిందో రాయాలి.